ఏడీహెచ్‌డీ అని తెలిశాక: విశాఖలో ఎవరిని అడగాలి, ఎక్కడికి వెళ్లాలి

మావాడు మూడో తరగతిలో ఉండగా ఒక రోజు స్కూల్ డైరీలో టీచర్ రాసి పంపారు: "క్లాసులో కూర్చోవడం లేదు. పేరెంట్స్ వచ్చి కలవండి." ఆ నెలలో అది ఐదో నోటు. ఆ సాయంత్రం మొదలుపెట్టి దాదాపు ఏడాది పాటు మేం అడగని మనిషి లేడు. పక్కింటావిడ దిష్టి తీయమన్నారు. మా ఆడపడుచు స్కూల్ మార్చమంది. తెలిసినాయన ఒకరు అబాకస్‌లో చేర్పించమన్నారు. ఫోన్‌లో చూస్తే ఒకచోట పంచదార మానేయమని, ఇంకోచోట పాలు మానేయమని ఉంది. అందరూ మా మంచి కోరే చెప్పారు. ఏది ముందు చేయాలో, ఏది తర్వాతో చెప్పినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. మా ఏడాది అక్కడే పోయింది.

ఆ ఏడాది మీకు పోకూడదని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాదు. మురళీనగర్‌లో ఉండే ఒక అమ్మని. మేం తిరిగిన దారినే, తిరగాల్సిన వరసలో పెట్టి చెబుతున్నాను.

ముందు రెండు ముక్కల్లో అసలు విషయం. ఏడీహెచ్‌డీ అంటే శ్రద్ధ నిలపడం, ఒంటి కదలికను అదుపులో పెట్టుకోవడం, ఆగి ఆలోచించి చేయడం కష్టమయ్యేలా మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. ప్రపంచం మొత్తం మీద పిల్లల్లో సుమారు 5 శాతం మందికి ఉంటుందని అంచనా. అంటే 40 మంది ఉన్న క్లాసులో ఇద్దరు. ఇది ఎక్కువగా వంశపారంపర్యంగా వస్తుంది. కవలల మీద చేసిన అధ్యయనాల ప్రకారం ఇందులో జన్యువుల పాత్ర 70 శాతం పైనే. మీ పెంపకం వల్ల రాలేదు. ఈ ఒక్క వాక్యం ఇంట్లో అందరికీ వినపడేలా చదవండి.

మొదటి అడుగు: వంద పేజీల నోట్‌బుక్ ఒకటి కొనండి

డాక్టర్ దగ్గరికి వెళ్లకముందే ఇది చేయాలి. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోమంటాను. రెండు వారాల పాటు రోజుకు రెండో మూడో సంఘటనలు రాయండి. "చాలా అల్లరి చేశాడు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఎన్ని గంటలకు, ఏం చేస్తుండగా, ఏం జరిగింది, ఆ తర్వాత మీరేం చేశారు అన్నది రాయాలి. నా నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఇలా ఉంటుంది:

"సాయంత్రం 6:40. లెక్కల హోమ్‌వర్క్. మూడో లెక్క దగ్గర పెన్సిల్ చెక్కుకుంటానని లేచాడు. పది నిమిషాలైనా రాలేదు. బాల్కనీలో నిలబడి హైవే మీద లారీలు లెక్కపెడుతున్నాడు. అరిచాను. ఏడ్చాడు. మిగతా రెండు లెక్కలూ నేను పక్కన కూర్చుంటే ఎనిమిది నిమిషాల్లో చేసేశాడు."

ఈ చివరి వాక్యమే డాక్టర్‌గారికి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది. లెక్క వస్తోంది, తెలివికి లోటు లేదు, ఒంటరిగా కూర్చుని పని పూర్తి చేయడమే రావడం లేదు అని అందులోనే తెలిసిపోయింది.

ఇదంతా ఎందుకు రాయాలంటే, ఏడీహెచ్‌డీని పట్టుకునే రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. లక్షణాల చరిత్రను బట్టే నిర్ధారణ చేస్తారు. ఎక్కువమంది వైద్యులు వాడే ప్రమాణాల ప్రకారం శ్రద్ధకు సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో గానీ, అతి కదలిక, తొందరపాటుకు సంబంధించిన తొమ్మిదింటిలో గానీ కనీసం ఆరు ఉండాలి. అవి ఆరు నెలలకు పైగా ఉండాలి. పన్నెండేళ్లు నిండకముందే మొదలై ఉండాలి. ఇంట్లోనూ స్కూల్లోనూ, అంటే కనీసం రెండు చోట్ల కనిపించాలి. అందుకే మీ నోట్‌బుక్‌తో పాటు టీచర్ మాట కూడా కావాలి. పాత డైరీలు, ప్రోగ్రెస్ కార్డులు ఎల్‌కేజీ నుంచి ఉన్నవన్నీ ఒక ఫైలులో పెట్టండి.

పిల్లవాడికి బాగా వచ్చినవి కూడా రాయండి. మావాడికి బీచ్‌రోడ్డు మీద వెళ్లే ప్రతి బస్సు నంబరూ, అది ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో తెలుసు. ఇక్కడే మా అత్తగారు ఒక ప్రశ్న అడిగారు: "ఫోన్ ఇస్తే గంటసేపు కదలడు కదమ్మా, మరి ధ్యాస లేదంటావేటి?" చాలా న్యాయమైన ప్రశ్న. ఈ పిల్లల్లో ధ్యాస లేకపోవడం కాదు సమస్య. దాన్ని కావాల్సిన చోటికి తిప్పుకోవడం, తిప్పిన చోట నిలపడం కష్టం. వెంటవెంటనే కొత్తదనం, గెలుపు అందించే ఆట ముందు ధ్యాస తనంతట తనే నిలుస్తుంది. పదో ఎక్కం ముందు నిలవదు. ఇది డాక్టర్‌గారు చెప్పాకే మాకూ తెలిసింది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. మా అపార్ట్‌మెంట్‌లోనే ఒక పాప ఉంది. అల్లరి లేదు, ఎవరితో గొడవ లేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది, టిఫిన్ బాక్స్ వారానికి రెండుసార్లు పోగొడుతుంది, చెప్పింది సగమే వింటుంది. అందరూ "పరాకు పిల్ల" అనేవారు. ఏడో తరగతిలో మార్కులు పడిపోతే గానీ ఎవరూ పట్టించుకోలేదు. శ్రద్ధ మాత్రమే లోపించే రకం ఇది. గోల చేయని పిల్లలది ఆలస్యంగా బయటపడుతుంది కాబట్టి వాళ్ల విషయంలో ఇంకొంచెం జాగ్రత్తగా చూడండి.

రెండో అడుగు: ముందు పిల్లల డాక్టర్

చూపు, వినికిడి పరీక్ష చేయించండి. రాత్రి గురక పెడుతున్నాడా, నోటితో ఊపిరి తీస్తున్నాడా అన్నది చెప్పండి. నిద్ర సరిగ్గా లేని పిల్లలు పగలు అచ్చం ఇలాగే ఉంటారు. కొన్ని సెకన్ల పాటు శూన్యంలోకి చూస్తూ ఆగిపోయి, పిలిచినా పలకకపోతే అదీ చెప్పాలి, ఒక రకం మూర్ఛ అలా ఉంటుంది. అవసరమనుకుంటే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు రాస్తారు. ఇవన్నీ అయ్యాకే తర్వాతి మెట్టు.

మూడో అడుగు: ఎవరు ఏం చేస్తారో తెలుసుకుని వెళ్లండి

మేం పొరపాటు పడింది ఇక్కడే. బోర్డు మీద "చైల్డ్ డెవలప్‌మెంట్" అని ఉంటే చాలనుకున్నాం. ఒక సెంటర్‌లో పావుగంట చూసి, నిర్ధారణ కాగితం ఏదీ లేకుండానే అరవై సెషన్ల ప్యాకేజీ చెప్పారు. తలకు టోపీ లాంటిది పెట్టి కంప్యూటర్ ఆటలు ఆడిస్తే మెదడు సెట్ అవుతుందన్నారు. డబ్బు ముందే కట్టాం. నాలుగు నెలల తర్వాత ఆట ఆడటం మెరుగైంది, హోమ్‌వర్క్ ఎక్కడిదక్కడే ఉంది. అలాంటి శిక్షణలకు ఆధారాలు బలహీనంగా ఉన్నాయని తర్వాత తెలిసింది.

సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. నిర్ధారణ చేయగలరు, మందు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్ట్ పరీక్షలు చేస్తారు, నిర్ధారణలో పాలుపంచుకుంటారు, ప్రవర్తన చికిత్స చేస్తారు, తల్లిదండ్రులకు శిక్షణ ఇస్తారు. మందు రాయరు. పిల్లల ఎదుగుదల మీద ప్రత్యేక శిక్షణ పొందిన పీడియాట్రీషియన్లు కూడా నిర్ధారణ చేసి మందు రాస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ రాత, చేతి పని, దినచర్యల్లో సాయపడతారు. స్పెషల్ ఎడ్యుకేటర్ చదువులో వెనకబాటును చూస్తారు. ఈ చివరి ఇద్దరి సాయం ఎంతో విలువైనది, కానీ నిర్ధారణ వాళ్ల పని కాదు.

క్లినికల్ సైకాలజిస్టులకు, స్పెషల్ ఎడ్యుకేటర్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడగండి. అడగడం అమర్యాద కాదు, సరైనవాళ్లు వెంటనే చెబుతారు. దాన్ని కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు.

ఇక విశాఖలో ఎక్కడికి?

డబ్బు ఇబ్బంది ఉన్నా లేకపోయినా ప్రభుత్వ ఆసుపత్రులను వదిలేయకండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆంధ్ర మెడికల్ కాలేజీకి అనుబంధం. మానసిక వైద్యంలో పీజీ చేసే డాక్టర్లు అక్కడే శిక్షణ పొందుతారు. ఆ ఆసుపత్రికి ఊళ్లో జనం పెట్టిన పేరు నేను ఇక్కడ రాయను, మీకు తెలుసు. ఆ పేరు వల్లే మేం మొదటి ఏడాది ఆ గేటు దాటలేదు. ఆటో అతనికి "వాల్తేరు అప్‌ల్యాండ్స్" అని చెప్పి, అక్కడ దిగి నడుచుకుంటూ వెళ్లేవాళ్లు ఉన్నారని తర్వాత విన్నాను. మేం వెళ్లిన రోజు ఓపీలో కూర్చున్నవాళ్లలో సగం మంది మాలాంటి మామూలు కుటుంబాలే. ఎవరి తల మీదా ఏ ముద్రా లేదు. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకోండి. పిల్లవాడికి తినడానికి, చేతిలో పట్టుకోవడానికి ఏమైనా తీసుకెళ్లండి. ఎదురుచూడటమే ఈ పిల్లలకు పెద్ద పరీక్ష.

మహారాణిపేటలో కేజీహెచ్ పిల్లల విభాగం ఇంకో ద్వారం. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని 2013లో మొదలైన కేంద్ర పథకం ఒకటుంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను ఉచితంగా పరీక్షించే పథకమిది. అది చూడాల్సిన జబ్బుల జాబితాలో ఏడీహెచ్‌డీ, చదువు నేర్చుకోవడంలో లోపాలు రెండూ ఉన్నాయి. ప్రభుత్వ బడికి వచ్చే వైద్య బృందం ఈ పథకం కిందే వస్తుంది. వాళ్లు పిల్లలను జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి (డీఈఐసీ) పంపిస్తారు. మీ పిల్లవాడు ప్రభుత్వ బడిలో చదువుతుంటే హెడ్‌మాస్టర్‌ని, లేదంటే మీ వార్డు ఏఎన్ఎంని "డీఈఐసీకి రిఫర్ చేయండి" అని ఆ మాటతోనే అడగండి. పేరు తెలిసి అడిగితే పని త్వరగా అవుతుంది.

మన ఊరికి ఇంకో వసతి ఉంది. ఇది ఉద్యోగుల ఆసుపత్రుల ఊరు. స్టీల్ ప్లాంట్ వాళ్లకు ఉక్కునగరంలో, పోర్టు వాళ్లకు సాలగ్రామపురంలో, నేవీ వాళ్లకు ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి, రైల్వే వాళ్లకు రైల్వే ఆసుపత్రి, ఇంకా ఈఎస్ఐ. మీకు వీటిలో ఏది వర్తించినా ముందు అక్కడే పిల్లల డాక్టర్‌ని కలిసి మానసిక వైద్యానికి రిఫరల్ అడగండి. మా వారికి ఇలాంటి సౌకర్యం ఉండి కూడా, ఆఫీసులో తెలుస్తుందేమోనన్న భయంతో చాలా నెలలు సొంత డబ్బుతో తిరిగాం. వైద్య వివరాలను గోప్యంగా ఉంచాలని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 చెబుతోంది. అదే చట్టం ప్రకారం మానసిక వ్యాధులకు కూడా శారీరక వ్యాధులకు ఇచ్చినట్టే బీమా ఇవ్వాలి. మీ పాలసీలో ఏముందో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోలేకపోయినా, రాత్రి పదకొండింటికి టెన్షన్‌తో నిద్ర పట్టకపోయినా 14416కి ఫోన్ చేయండి. ఇది టెలీ మానస్. 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్‌లో నిర్ధారణ చేయరు, కానీ మీ మాట వింటారు, దారి చెబుతారు. పిల్లవాడు "నేను చచ్చిపోతే బాగుండు" లాంటి మాట అంటే ఊరికే అన్నాడులే అనుకోవద్దు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నాలుగో అడుగు: మందు గురించి భయపడే ముందు అడిగి తెలుసుకోండి

ఈ భాగం దగ్గర చాలా కుటుంబాలు ఆగిపోతాయి. మేమూ ఆగాం. డాక్టర్ మిథైల్‌ఫెనిడేట్ రాశారు. మా వీధిలో మెడికల్ షాపుకి వెళ్తే ఆయన చీటీ చూసి, "ఇది మా దగ్గర ఉండదమ్మా, ఇలాంటివి పిల్లాడికెందుకు" అన్నారు. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో మూడు వారాలు మందు మొదలవలేదు.

అసలు సంగతి ఇది. ఆ మందు మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ కిందికి వస్తుంది. దాన్ని అమ్మడానికి షాపుకి వేరే లైసెన్స్ ఉండాలి. డాక్టర్ చీటీ రెండు కాపీలు రాయాలి, ఒకటి షాపువాళ్లు దాచుకోవాలి. దుర్వినియోగం కాకుండా పెట్టిన నియమాలివి. డాక్టర్ చెప్పిన మోతాదులో వాడే పిల్లవాడికి ప్రమాదమని వాటి అర్థం కాదు. కాబట్టి చీటీ రాసేటప్పుడే "ఇది ఏ షాపులో దొరుకుతుంది?" అని డాక్టర్‌నే అడగండి. పెద్ద ఆసుపత్రుల్లోని ఫార్మసీల్లో, కేజీహెచ్ చుట్టుపక్కల, డాబాగార్డెన్స్ వైపు విచారించండి. వెళ్లే ముందు ఫోన్ చేసి ఉందో లేదో కనుక్కోండి. సంక్రాంతికి ఊరెళ్లే వాళ్లు అన్ని రోజులకూ సరిపడా మందు, చీటీతో సహా, ముందే సిద్ధం చేసుకోవాలి. శ్రీకాకుళంలో పల్లెటూళ్లో పండగ రోజు దీని కోసం వెతకడం అయ్యే పని కాదు.

డాక్టర్‌ని అడగాల్సినవి నోట్‌బుక్‌లో ముందే రాసుకుని వెళ్లండి. ఎన్ని గంటలు పనిచేస్తుంది? రకాన్ని బట్టి నాలుగు గంటలు పనిచేసేవి ఉన్నాయి, పది పన్నెండు గంటలు పనిచేసేవీ ఉన్నాయి. ఆకలి తగ్గితే ఏం చేయాలి? ఇది చాలామందిలో ఉంటుంది. మావాడి లంచ్ బాక్స్ నిండుగానే తిరిగొచ్చేది. మందు వేసే ముందే పొద్దున్న కడుపునిండా టిఫిన్, రాత్రి మందు ప్రభావం తగ్గాక పెరుగన్నం, మధ్యలో పల్లీలుండ అని పెట్టుకున్నాక బరువు నిలబడింది. నిద్ర ఎలా ఉంటుంది, ఎత్తు, బరువు, బీపీ, నాడి ఎన్నాళ్లకోసారి చూస్తారు అన్నది అడగండి. ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉన్నా, చిన్న వయసులో హఠాత్తుగా పోయినా తప్పక చెప్పండి. అటొమాక్సెటీన్ అని ఇంకో మందు ఉంది. అది రోజూ వేసుకోవాలి, ఫలితం పూర్తిగా తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. ఏది సరిపోతుందన్నది డాక్టర్ నిర్ణయం.

ఆరేళ్లలోపు పిల్లలకు మొదటి చికిత్స మందు కాదు. తల్లిదండ్రులకు ఇచ్చే ప్రవర్తన శిక్షణ. ఒకసారి ఒకే పని చెప్పడం, చేసిన వెంటనే ఏం బాగా చేశాడో పేరు పెట్టి మెచ్చుకోవడం, రోజు మొత్తాన్ని బొమ్మలతో గోడ మీద పెట్టడం లాంటివి అందులో నేర్పిస్తారు. ఆరేళ్లు దాటినవాళ్లకు కూడా మందుతో పాటు ఇది కావాలి. "పేరెంట్ ట్రైనింగ్ ఇస్తారా?" అని అడగండి. అడగకపోతే చాలాచోట్ల పిల్లవాడిని లోపలికి తీసుకెళ్లి తలుపు వేసేస్తారు, మనం బయట కుర్చీలోనే మిగిలిపోతాం.

ఐదో అడుగు: స్కూల్

గొడవ పడటానికి వెళ్లకండి. అలాగని చేతులు కట్టుకునీ వెళ్లకండి. డాక్టర్ రిపోర్టులో ఒక పేజీ కాపీ, మీరు కోరే మూడు చిన్న ఏర్పాట్లు రాసిన కాగితం పట్టుకెళ్లండి. మేం అడిగినవి: కిటికీకి, తలుపుకి దూరంగా ముందు బెంచీలో చోటు. నలభై నిమిషాల మధ్యలో ఒకసారి లేచే అవకాశం, అది శిక్షగా కాకుండా డస్టర్ తేవడమో పుస్తకాలు పంచడమో లాంటి పనిగా. హోమ్‌వర్క్ రాసుకున్నాడో లేదో బెల్ కొట్టే ముందు ఒక్కసారి చూడటం. మొదటి టీచర్‌కి కుదరలేదు. తర్వాతి ఏడాది వచ్చిన టీచర్ మూడూ చేశారు, ఇంకా రెండు తనే కలిపారు.

కొట్టడం, అవమానించడం గురించి స్పష్టంగా మాట్లాడండి. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. పిల్లవాడిని రోజూ క్లాసు బయట నిలబెట్టడం కూడా వేధింపే అని నా అభిప్రాయం. బడిలో చెప్పినా ఆగకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

సర్టిఫికెట్ విషయంలో చాలా అయోమయం ఉంది, కొంతమంది దీన్ని వ్యాపారంగానూ చేసుకున్నారు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు విడిగా ఆ జాబితాలో లేదు. కానీ చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ఉండే నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉంది, ఆటిజం ఉంది. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో కొందరికి అభ్యసన వైకల్యం కూడా ఉంటుంది. కాబట్టి తెలివి సరిగ్గా ఉండి, మందుతో శ్రద్ధ కుదురుకున్నాక కూడా చదవడంలో అక్షరాలు తారుమారవుతుంటే దానికి వేరే పరీక్ష చేయించండి. సాధారణంగా ఎనిమిదేళ్లు నిండాకే ఆ సర్టిఫికెట్ ఇస్తారు. దాని ఆధారంగా దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ), బోర్డు పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు వస్తాయి. అదనపు సమయం గంటకు కనీసం 20 నిమిషాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. పదో తరగతి హాల్‌టికెట్ వచ్చాక పరుగెత్తితే లాభం లేదు. ఎనిమిదిలోనే కదలండి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకు మాత్రమే. ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉంటే అది రాదు. ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

ప్రభుత్వ బడి పిల్లలకు మండల స్థాయిలో భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ప్రత్యేక శిక్షణ పొందిన రిసోర్స్ టీచర్లు ఉంటారు. పెందుర్తి, ఆనందపురం, భీమిలి వైపు ఉండేవాళ్లు ఊళ్లోకి రాకముందే ఎంఈవో ఆఫీసులో అడిగి చూడండి.

ఆరో అడుగు: ఇల్లు

పిల్లవాడి చికిత్స మొదలైన ఆరు నెలలకు ఒక రాత్రి మా వారు నా నోట్‌బుక్ తిరగేస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది నా గురించి రాసినట్టుంది" అన్నారు. తాళాలు మర్చిపోవడం, బిల్లులు చివరి రోజు దాటాక కట్టడం, ఎదుటివాళ్ల మాట పూర్తి కాకముందే అందుకోవడం. ఇరవై ఏళ్లుగా మా గొడవలన్నీ వీటి మీదే. చిన్నప్పుడు ఆయన్ని మామగారు తాటిమట్టతో కొట్టేవారట. ఇప్పుడు ఆయన కూడా డాక్టర్‌ని కలిశారు. వంశంలో వచ్చేది కాబట్టి తల్లిదండ్రుల్లో ఒకరికి ఉండటం మామూలే. పెద్దవాళ్లకూ నిర్ధారణ ఉంది, చికిత్స ఉంది. మందుల వేళలు, స్కూల్ తేదీలు గుర్తుపెట్టుకునే బాధ్యత ఇద్దరిలో ఎవరికి నప్పుతుందో చూసి పంచుకోండి.

అత్తమామలను ఒక్కసారైనా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. కోడలు చెబితే వినని మాట తెల్లకోటు చెబితే వింటారు. మా అత్తగారు తిరిగొచ్చాక, "నా కొడుకుని ఊరికే కొట్టించాను" అని చాలాసేపు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి హోమ్‌వర్క్ వేళ మావాడి పక్కన కూర్చునేది ఆవిడే.

రెండో బిడ్డని మర్చిపోకండి. మా పాప ఒకసారి, "నేను కూడా అల్లరి చేస్తే నాతో కూడా కూర్చుంటావా అమ్మా?" అంది. ఆదివారం సాయంత్రం గంటసేపు దానిది. శివాజీ పార్కుకి ఇద్దరమే వెళ్తాం.

మీకూ అలసట వస్తుంది. ఏడుపు వస్తుంది. వారాల తరబడి నిద్ర, ఆకలి పోతే అది మీ కోసం డాక్టర్‌ని కలవాల్సిన సూచన. 14416 తల్లిదండ్రులకు కూడా.

ఏడో అడుగు: మీలాంటి నాలుగు కుటుంబాలు

మాకు అన్నిటికన్నా పెద్ద అండ దొరికింది థెరపీ సెంటర్ బయట బెంచీ మీద. వారానికి రెండు రోజులు నలభై ఐదు నిమిషాలు అక్కడే కూర్చునే తల్లులం. మొదటి నెల ఫోన్లు చూసుకున్నాం. రెండో నెల ఒకావిడ, గాజువాక నుంచి వచ్చేది, "మీవాడు కూడా చెప్పులు పోగొడతాడా?" అంది. అక్కడ మొదలైంది.

మీకు అలాంటి బెంచీ లేకపోతే డాక్టర్‌కో థెరపిస్టుకో మీ నంబరు ఇచ్చి, "ఇష్టమున్న తల్లిదండ్రులకు ఇవ్వండి" అనండి. ఇతరుల నంబర్లు వాళ్లు మీకు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. నాలుగు కుటుంబాలు దొరికితే చాలు. నెలకోసారి ఆదివారం పొద్దున్నే బీచ్‌రోడ్డులో బళ్లు ఆపే వేళ కలవండి. పిల్లలు పరుగెత్తడానికి చోటు, వద్దనేవాళ్లు ఉండరు. ఎండాకాలమైతే ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర సెంట్రల్ పార్కులో సాయంత్రం. సముద్రం దగ్గర మాత్రం ప్రతి పిల్లవాడికీ ఒక పెద్దవాళ్లు కాపలా ఉండాలని ముందే ఒప్పుకోండి. ఈ పిల్లలు ఆలోచించేలోపే నీళ్లలో ఉంటారు, ఆర్కే బీచ్ అలలు మంచివి కావు.

వాట్సాప్ గ్రూప్ పెట్టుకుంటే మూడు నియమాలు పెట్టుకోండి. మందు మోతాదు ఒకరికొకరు చెప్పుకోకూడదు. పిల్లల ఫొటోలు, రిపోర్టులు పెట్టకూడదు. ఏదీ అమ్మకూడదు. మా గ్రూప్‌లో మూడో నియమం లేని రోజుల్లో ఒకరు జ్ఞాపకశక్తి పొడి అమ్మడం మొదలుపెట్టారు, రెండు కుటుంబాలు మందు ఆపేసి అది వాడాయి. వాళ్లిద్దరూ తిరిగి దారిలో పడటానికి ఒక విద్యా సంవత్సరం పట్టింది.

ఎనిమిదో అడుగు: చదివేది జల్లెడ పట్టడం

తెలుగులో దీని గురించి నమ్మదగిన సమాచారం తక్కువ. ఉన్నది ఎక్కువగా వీడియోలు. ఏది చూసినా మొదట అడగాల్సింది: చివర్లో ఏదైనా కొనమంటున్నారా? రెండోది: "పూర్తిగా నయం", "30 రోజుల్లో" లాంటి మాటలున్నాయా? ఉంటే మూసేయండి. పంచదార వల్ల ఏడీహెచ్‌డీ రాదు. టీకాల వల్ల రాదు. ఫోన్ ఎక్కువగా చూస్తే నిద్ర చెడి లక్షణాలు ముదరొచ్చు. అంతవరకు నిజం.

ఇంగ్లీషు చదవగలిగినవాళ్లు ఇంట్లో ఎవరైనా ఉంటే బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ప్రచురించినవి, అమెరికాలో 1987లో తల్లిదండ్రులే మొదలుపెట్టిన చాడ్ సంస్థ పేజీలు చదివించుకోండి. ఏడీహెచ్‌డీ ప్రపంచ సమాఖ్య 2021లో ఒక ప్రకటన వెలువరించింది. ఆధారాలున్న 208 విషయాలు అందులో వరసగా ఉన్నాయి. ఇంట్లో ఎవరితోనైనా వాదన వస్తే నేను అదే తీసి చూపిస్తాను. అమెరికా సమాచారంలో మందుల పేర్లు, స్కూల్ చట్టాలు మనవి కావని మాత్రం గుర్తుంచుకోండి. విశాఖలో నిర్ధారణ తేలని క్లిష్టమైన సందర్భాల్లో నిమ్హాన్స్‌లోనే పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. మీ డాక్టర్ రిఫరల్‌తో వెళ్లడం మేలు.

ప్రతి జూన్‌లో, బడి తెరిచే వారం, కొత్త నోట్‌బుక్ మొదలుపెట్టండి. మొదటి పేజీలో పిల్లవాడి ఎత్తు, బరువు, వాడుతున్న మందు, మోతాదు, డాక్టర్ నంబరు, కొత్త క్లాస్ టీచర్ పేరు, 14416 రాయండి. రెండో పేజీ ఖాళీగా వదిలి పిల్లవాడికి ఇవ్వండి, ఈ ఏడాది తనకు ఏది కష్టంగా ఉందో తనే రాస్తాడు. మావాడు ఈసారి రాసింది: "లంచ్ తర్వాత సోషల్. మూడో బెంచీ. ఫ్యాన్ శబ్దం." వచ్చే సోమవారం టీచర్‌ని కలిసి ఆ బెంచీ మార్పించాలి.